ఎలైన్‌మెంట్ చేయించినా టైరు ఎందుకు తింటోంది? డెల్టా రోడ్ల మీద పాత కార్ల సంగతి

క్లుప్తంగా: పాత కారులో టైరు ఒక పక్కే అరుగుతుంటే చక్రాల కోణాలు తప్పడం ఒక్కటే కారణం కానక్కర్లేదు. చక్రాన్ని బాడీకీ స్టీరింగ్‌కూ కలిపే బుష్‌లు (రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్‌లు వదులయ్యాక మెషీన్ మీద చేసిన సవరణ రోడ్డు మీద నిలవదు. ముందు అరుగుదల ఆకారం చూడాలి, తర్వాత వదులు భాగాలు మార్చాలి, ఎలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) ఆ తర్వాతే. కాలువ గట్ల వాలు, తెగిన రోడ్డు అంచులు, ఉప్పుగాలి ఈ లోపాలను గోదావరి డెల్టాలో తొందరగా బయటపెడతాయి.

గోదావరి జిల్లాల్లో పదేళ్లు దాటిన కారు నడిపేవాళ్ల నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ఎలైన్‌మెంట్ చేయించి ఎన్నాళ్లో కాలేదు, మెషీన్ ఇచ్చిన కాగితంలో అంకెలన్నీ పచ్చరంగులోనే, అంటే సరైన హద్దుల్లోనే ఉన్నాయి, అయినా ముందు టైరు లోపలి అంచు నున్నగా తేలింది. షాపువాళ్లు సరిగా చేయలేదని కొందరు, టైరు నాసిరకమని కొందరు, రోడ్లు బాగోలేవని ఎక్కువమంది తేల్చేస్తారు. మూడింటిలోనూ ఎంతో కొంత నిజం ఉండొచ్చు. పాత బండి విషయంలో మాత్రం అసలు కారణం చాలాసార్లు కారు కింద, ఎవరూ వంగి చూడని చోట ఉంటుంది.

నిలబడ్డ కారు, నడిచే కారు

ఎలైన్‌మెంట్ మెషీన్ కొలిచేది కదలకుండా నిలబడ్డ కారును. చక్రాలకు బిగించిన సెన్సర్లయినా, కెమెరా చూసే పలకలయినా ఆ క్షణాన చక్రం ఏ కోణంలో ఉందో చెబుతాయి. ఆ కొలత నిజమే కావచ్చు. కారు కదలగానే చక్రం మీద పడే బలాలు మారిపోతాయి.

మారుతి 800, ఆల్టో, శాంత్రో, ఇండికా, స్విఫ్ట్ లాంటి కార్లలో ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ చక్రాలు బండిని లాగుతూ తామూ ముందుకు గుంజుకుంటాయి, వాటి ముందు అంచులు లోపలికి మళ్లాలని చూస్తాయి. అంబాసిడర్, సుమో, బొలెరోల తీరు దీనికి తలకిందులు. వెనక చక్రాలు తోస్తుంటే ముందు చక్రాలను రోడ్డు వెనక్కి నెడుతుంది, వాటి ముందు అంచులు బయటికి తెరుచుకోబోతాయి. అందుకే వెనక నుంచి తోసే బళ్లకు కొద్దిగా టో-ఇన్ (ముందు అంచులను లోపలికి మళ్లించడం), ముందు నుంచి లాగే బళ్లకు సున్నాకు దగ్గరి అంకె పెట్టడం ఎక్కువగా కనిపిస్తుంది. బండి నడుస్తున్నప్పుడు చక్రాలు తిన్నగా ఉండాలన్నదే ఆ లెక్క.

ఆ లెక్క వేసింది కొత్త రబ్బరు మీద. చక్రాన్ని కింది వైపు పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ను బాడీకి కలిపే బుష్‌లోని రబ్బరు ఏళ్ల తరబడి వేడికీ నూనెకూ గట్టిపడి చీలిపోతే, ఆర్మ్ కొద్దిగా కదలాల్సిన చోట చాలా ఎక్కువ కదులుతుంది. బండి ఆగగానే మళ్లీ మధ్యకు వచ్చి కూర్చుంటుంది. మెషీన్‌కు కనిపించేది ఆ కూర్చున్న స్థితి. రోడ్డు మీద మాత్రం గేరు మార్చిన ప్రతిసారీ, బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం కోణం అటూఇటూ ఊగుతూనే ఉంటుంది. కాగితం పచ్చగా ఉండటానికీ టైరు అరిగిపోవడానికీ మధ్య వైరుధ్యమేమీ లేదు. రెండూ వేర్వేరు స్థితులలో ఉన్న ఒకే కారును చూపిస్తున్నాయి.

మూడు కోణాల్లో తినేది ఏది?

ఎలైన్‌మెంట్ కాగితంలో టో, క్యాంబర్, క్యాస్టర్ అని మూడు వరసలు కనిపిస్తాయి. పై నుంచి చూస్తే ముందు చక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా, లోపలికో బయటికో మళ్లాయా అన్నది టో. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిటారుగా ఉందా, తల లోపలికో బయటికో వాలిందా అన్నది క్యాంబర్. పక్క నుంచి చూసినప్పుడు స్టీరింగ్ తిరిగే ఇరుసు ఎంత వెనక్కి వాలిందన్నది క్యాస్టర్.

వీటిలో టైరును అన్నిటికంటే వేగంగా తినేది టో. ఎంత వేగంగానో ఆల్టో టైరు మీద లెక్క కట్టి చూడొచ్చు. 145/80 ఆర్12 టైరు వ్యాసం సుమారు 537 మిల్లీమీటర్లు. ముందు టైర్ల ముందు అంచుల మధ్య దూరానికీ వెనక అంచుల మధ్య దూరానికీ ఉండాల్సిన దానికంటే 6 మిల్లీమీటర్ల తేడా వచ్చిందనుకుంటే, ఒక్కో చక్రం వాటా 3 మిల్లీమీటర్లు. కోణంలో చెబితే డిగ్రీలో మూడో వంతు, కంటికి ఆనదు. అయినా ఆ చక్రం ప్రతి కిలోమీటరుకూ అయిదున్నర మీటర్ల మేర పక్కకు ఈడ్చుకుపోతుంది. అమలాపురం నుంచి రాజమహేంద్రవరం 60 కిలోమీటర్ల పైమాటే కాబట్టి, ఒక్కసారి వెళ్లేసరికి ఆ ఈడ్పు మూడు వందల మీటర్లు దాటుతుంది. ఇందులో కొంత రబ్బరు వంగి సర్దుకుంటుంది. మిగతాదంతా తారు మీద రాపిడే. కాళ్లీడుస్తూ నడిచేవాళ్ల చెప్పు ఒక పక్కే అరగడం ఇలాంటిదే.

క్యాంబర్ తేడా నిదానంగా తింటుంది, కొద్దిపాటి తేడాకు టైరు పెద్దగా చలించదు. చక్రం తల బాగా లోపలికి వాలితే లోపలి అంచు, బయటికి వాలితే బయటి అంచు అరుగుతాయి. ఇక్కడ పాత కార్ల యజమానులకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కాలు) ఉంటుంది, క్యాంబర్ మార్చుకునే ఏర్పాటు చాలా వాటిలో ఉండదు. షాపులో టై రాడ్ తిప్పి సరిచేసేది టో ఒక్కటే. క్యాంబర్ అంకె ఎర్రగా వచ్చిందంటే ఏదో ఒక భాగం వంగిందనో, కుంగిందనో, వదులైందనో అర్థం. ఆ భాగాన్ని వెతకకుండా టో ఒక్కటీ పచ్చగా చేసి పంపిస్తే లోపలి అంచు అరుగుతూనే ఉంటుంది.

క్యాస్టర్ టైరును నేరుగా పెద్దగా తినదు. కుడి ఎడమల మధ్య తేడా ఉంటే బండి క్యాస్టర్ తక్కువున్న వైపు లాగుతుంది.

టైరును చేత్తో చదవడం

మెషీన్ కంటే ముందు చూడాల్సింది టైరునే. బండి నిలిపి ఉన్నప్పుడు ముందు టైరు లోపలి అంచు బయటికి కనబడదు. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక వైపు తిప్పితేనే కనిపిస్తుంది. చాలామంది ఆ అంచును మొదటిసారి చూసేది పంక్చర్ షాపులో చక్రం విప్పినప్పుడు, అప్పటికే వైర్లు తేలి ఉంటాయి.

అరిచేతిని ట్రెడ్ (రోడ్డును తాకే రబ్బరు) మీద అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నెమ్మదిగా జరపాలి. వైర్లు తేలిన చోట చెయ్యి పెట్టకూడదు, కోసుకుంటుంది. ఒక దిశలో నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు రంపపు పళ్లలా గుచ్చుకుంటుంటే అది టో తేడా. లోపలికి జరిపినప్పుడు నున్నగా ఉండి బయటికి వచ్చేటప్పుడు గుచ్చుకుంటే టో-ఇన్ ఎక్కువైంది, దానికి తోడు బయటి అంచు ఎక్కువ అరిగి ఉంటుంది. దీనికి తలకిందులుగా ఉంటే టో-అవుట్, లోపలి అంచు పోతుంది. రెండు దిశల్లోనూ నున్నగానే ఉండి ఒక పక్కకు ఏటవాలుగా తరుగుతూ పోతే అనుమానం క్యాంబర్ మీదికి వెళ్లాలి. పాత బళ్లలో ఈ రెండూ కలిసే కనిపిస్తాయి, ఎందుకంటే ఒకే చీలిన బుష్ రెండు కోణాలనూ కదిలిస్తుంది.

రెండు అంచులూ సమానంగా అరిగి మధ్యలో ట్రెడ్ మిగిలితే గాలి తక్కువ. మధ్యలో అరిగి అంచులు మిగిలితే గాలి ఎక్కువ. దీనికి ఎలైన్‌మెంట్‌తో సంబంధం లేదు. గాలి చూసే వేళ మాత్రం ముఖ్యం. తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ పట్టిన టైరులో గాలి 45 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి మరో 3 పీఎస్ఐ దాకా పెరుగుతుంది. రాజమహేంద్రవరం ఎండల్లో నడిపి వచ్చి బంకులో గాలి చూసుకుని, ఎక్కువుందని తీయించేస్తే మర్నాడు పొద్దున్నకు టైరు మెత్తబడుతుంది. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కరు మీద ఉండే అంకె చల్లటి టైరుకు ఉద్దేశించినది.

ఇంకో ఆకారం ఉంది. టైరు చుట్టూ అక్కడక్కడా గిన్నెల్లా పల్లాలు పడతాయి. షాక్ అబ్జార్బర్ బలహీనపడితే చక్రం రోడ్డును అంటిపెట్టుకోకుండా ఎగిరి పడుతూ ఉంటుంది, పడిన చోటల్లా రబ్బరు కొద్దికొద్దిగా లేచిపోతుంది. బ్యాలెన్సింగ్ తప్పినా ఇలాంటి గుర్తులే వస్తాయి. ఇలాంటి టైరు గుర్రుమని మోగుతుంది, దాన్ని వీల్ బేరింగ్ శబ్దమనుకుని బేరింగ్ మార్చేయడం మామూలే. తేడా తెలుసుకోవడానికి ముందు చక్రాన్ని వెనక్కి మార్చి చూస్తే సరిపోతుంది. శబ్దం కూడా వెనక్కి వెళ్లిందంటే దోషం టైరుది.

ట్రెడ్ గాడుల్లో ఉండే అరుగుదల సూచికల మీద కూడా పూర్తిగా ఆధారపడటానికి లేదు. కారు టైరుకు చట్టం ప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి, ఆ ఎత్తులోనే సూచికలు ఉంటాయి. అవి ఉండేది ప్రధాన గాడుల్లో. భుజం (ట్రెడ్ అంచు) మీది రబ్బరు పూర్తిగా పోయినా మధ్య గాడిలో లోతు మిగిలే ఉంటుంది కాబట్టి, ఒక పక్క అరుగుదలను ఆ సూచిక పట్టుకోలేదు.

డెల్టా రోడ్డు చేసే పని

ఇవే లోపాలున్న కారు నున్నటి హైవే మీద ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ధవళేశ్వరం నుంచి కాలువలు చీలిన ప్రాంతంలో రోడ్ల తీరు వేరు. చాలా ఊళ్ల రోడ్లు కాలువ గట్ల మీదుగా పోతాయి. ఒక పక్క కాలువ, రెండో పక్క బోదె, దాని అవతల నీళ్లు పెట్టిన చేలు. కింద ఉన్నది నల్లటి బంకమట్టి. తడిసినప్పుడు ఉబ్బుతుంది, వేసవిలో కాలువలు కట్టేశాక ఎండి బీటలు వారుతుంది. ఏటేటా ఇలా ఉబ్బి కుంచించుకునే నేల మీద తారు ఎంత మందంగా వేసినా అంచులు కాలువ వైపు కుంగుతాయి, మధ్యలో అలలు పుడతాయి. మెట్ట ప్రాంతంలో టైరుకు ఎదురయ్యేది ఎక్కువగా గుంత, డెల్టాలో దానికి తోడు ఆగని ఊపు. ఆ ఊపు షాక్ అబ్జార్బర్లనూ స్ట్రట్ మౌంటింగులనూ తింటుంది.

వర్షపు నీరు జారడానికి తారు రోడ్డుకు మధ్య నుంచి అంచుకు మీటరుకు రెండు నుంచి రెండున్నర సెంటీమీటర్ల వాలు ఇస్తారు. మనది ఎడమ పక్క నడక కాబట్టి ఏ కారైనా కాస్త ఎడమకు జారుతుంది. అంచు కుంగిన గట్టు రోడ్డు మీద ఆ వాలు ఇంకా పెరుగుతుంది. డ్రైవరు తెలియకుండానే స్టీరింగ్‌ను కుడికి పట్టుకుని నడుపుతాడు. బండి ఎడమకు లాగుతోందని షాపుకు వచ్చే కార్లలో కొన్నిటికి అసలు జబ్బు లేదు, వాటిని పరీక్షించిన రోడ్డుకుంది.

రోడ్డు వెడల్పు ఇంకో సంగతి. ఎదురుగా బస్సో ట్రాక్టరో వస్తే ఎడమ చక్రాలు మట్టి మార్జిన్‌లోకి దిగాల్సిందే. మళ్లీ ఎక్కేటప్పుడు తెగిన తారు అంచు ఒరుసుకునేది ఎడమ టైర్ల లోపలి భుజాన్ని. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ రోడ్డులో సగం ధాన్యం ఆరబోతకు పోతుంది, ధాన్యం మీదికి బళ్లు రాకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. ధాన్యం ఎత్తాక కూడా ఆ రాళ్లలో కొన్ని రోడ్డు మీదే ఉండిపోతాయి. రాత్రి పూట దీపాల వెలుగులో కనబడని ఒక్క రాయి టై రాడ్‌ను వంచడానికి చాలు. దమ్ము రోజుల్లో ఇనుప చక్రాలతోనే తారెక్కే ట్రాక్టర్లు రోడ్డును ఏం చేస్తాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నరసాపురం–సఖినేటిపల్లి పంటు లాంటి రేవుల్లో బండి ర్యాంపు ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రాలకు తగిలే దెబ్బ కూడా ఈ ఖాతాలోదే.

దెబ్బ తగిలిన వెంటనే ఎలైన్‌మెంట్ చేయించేవాళ్లు తక్కువ. కొత్త కారయితే చిన్న దెబ్బను రబ్బరు మింగేస్తుంది. పాత కారులో ఆ రబ్బరే లేదు.

తుప్పు, ఒక పక్కే తిప్పిన టై రాడ్

సముద్రతీర మండలాల్లో ఉప్పుగాలి, భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువుల మీదుగా పోయే రోడ్లపై రొయ్యల, చేపల లారీల నుంచి కారే నీళ్లు, జులై–ఆగస్టు వరదల్లో కాజ్‌వేల మీద పారే బురద నీరు కారు అడుగు భాగాన్ని నిత్యం తడుపుతుంటాయి. బాల్ జాయింట్ రబ్బరు తొడుగు చిరిగి ఉంటే నీరు లోపలికి పోయి గ్రీజును కడిగేస్తుంది, తర్వాత అరుగుదల వేగంగా సాగుతుంది.

తుప్పు వల్ల వచ్చే చిక్కు ఇంకోటి ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. టో సరిచేయాలంటే కుడి ఎడమ టై రాడ్లను రెండింటినీ సమానంగా తిప్పాలి. ఒక పక్క లాక్ నట్టు తుప్పుకు బిగుసుకుపోతే దాన్ని వేడి చేసి విప్పే ఓపిక లేక రెండో పక్కదాన్నే తిప్పి మొత్తం టో సరిచేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. కాగితంలో మొత్తం టో బాగానే వస్తుంది. స్టీరింగ్ వీల్ మాత్రం ఒక పక్కకు వంగి ఉంటుంది. అప్పుడు స్టీరింగ్ వీల్‌ను విప్పి నిటారుగా బిగించేస్తారు. చూడటానికి అంతా సరిపోయినట్టే ఉంటుంది. లోపల స్టీరింగ్ ర్యాక్ (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) మధ్యలో ఉండదు. కుడి మలుపులో చక్రాలు తిరిగే తీరు, ఎడమ మలుపులో తిరిగే తీరు వేరవుతాయి, పూర్తిగా తిప్పినప్పుడు ఒక వైపు తక్కువ తిరుగుతుంది. మలుపుల్లో పడే అదనపు రాపిడికి మూలం కాగితంలో ఎక్కడా కనిపించదు. పాత కారు కొనేవాళ్లు రెండు టై రాడ్ల మీద బయటికి కనిపించే మరల పొడవు సమానంగా ఉందో లేదో ఒకసారి వంగి చూడటం మంచిది.

జాకీ మీద ఎత్తి చూడాల్సినవి

మెషీన్ ఎక్కించే ముందు ఈ పరీక్షలు చేయడానికి ఎక్కువ సమయం పట్టదు. సమతలమైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రాన్ని నేల నుంచి లేపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరకూడదు, స్టాండు పెట్టాలి.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆట (వదులు కదలిక) కనిపిస్తే అది వీల్ బేరింగ్‌లోనో బాల్ జాయింట్‌లోనో ఉంది. ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే ఆట పోయిందా, బేరింగ్. పోలేదా, బాల్ జాయింట్. ఇదే చక్రాన్ని కుడి ఎడమ అంచుల దగ్గర పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ ఎండ్ లేదా స్టీరింగ్ ర్యాక్ వైపు చూడాలి. లోయర్ ఆర్మ్ బుష్ దగ్గర ఇనుప రాడ్డు పెట్టి నెమ్మదిగా తోస్తే చీలిన రబ్బరు నోరు తెరుస్తుంది. చేత్తో ఊపితే ఇది బయటపడదు, రాడ్డుతో తోయాల్సిందే.

బయటపడే ఆట చిన్నదయినా తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పైన చెప్పిన లెక్కలో ఒక్కో చక్రానికి తప్పిన దూరం 3 మిల్లీమీటర్లే. టై రాడ్ ఎండ్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆట ఉన్న కారుకు ఎంత ఖరీదైన మెషీన్ మీద టో పెట్టినా ఆ అంకెకు విలువ లేదు.

బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలినప్పుడు ఒకసారి లేచి ఆగిపోవాలి, రెండు మూడు సార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ పని అయిపోయింది. దాని మీద నూనె కారిన జిడ్డు కనిపిస్తే ఊపు పరీక్ష కూడా అక్కర్లేదు. స్ప్రింగులు కుంగి కారు కిందికి దిగితే క్యాంబర్, టో రెండూ మారతాయి. కుంగిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడానికి స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం ఇక్కడ చవకైన వైద్యం. ఎత్తు పెరగడం నిజమే, కానీ అరిగిన స్ప్రింగు కొత్తది కాదు, కోణాలు ఇంకోసారి మారతాయి. బఫర్లు పెట్టించాక ఎలైన్‌మెంట్ చూడని కార్లే ఎక్కువ.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ల కార్లు కోనసీమ ఇళ్ల ముందు నెలల తరబడి కదలకుండా ఉండటం మామూలే. అలాంటి బళ్లలో కిలోమీటర్లు తక్కువ చూపించినా బుష్‌లు గట్టిపడి ఉంటాయి, గాలి తగ్గిన టైర్లు నేలను ఆనిన చోట చదునుపడి ఉంటాయి. టైరు వయసు పక్క గోడ మీది నాలుగు అంకెల్లో ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ట్రెడ్ నిండుగా ఉన్నా పక్క గోడలో బీటలు కనిపిస్తే ఆ టైరు మీద ఎలైన్‌మెంట్ ఖర్చు దండగ.

పక్కకు లాగుతుంటే

లాగుడుకు కోణాలే కారణమని ముందే అనుకోవడం సరికాదు. వాలు లేని రోడ్డు మీద పరీక్షించాలి. అలాంటిది దొరకకపోతే ఖాళీగా ఉన్న రెండు వరసల హైవే మీద, వాలు ఎటుందో చూసుకుంటూ నడిపి చూడాలి. తర్వాత ముందు రెండు చక్రాలనూ ఒకదాని స్థానంలో ఒకటి మార్చాలి. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న టైర్లకు ఇది పనికిరాదు. లాగుడు రెండో వైపుకు మారితే దోషం టైరు లోపలి నిర్మాణంలో ఉంది, ఎలైన్‌మెంట్ దాన్ని సరిచేయలేదు. మారకపోతే కాసేపు నడిపి ఆపి, రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఒక చక్రం రెండోదాని కంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టుకుపోయి ఉంది. తుప్పు పట్టిన కాలిపర్ పిన్నులు ఈ తేమ ప్రాంతంలో తరచుగా చేసే పని అది. ఇవన్నీ దాటాకే క్యాంబర్, క్యాస్టర్ తేడాల వంతు.

వెనక చక్రాలు

చిన్న కార్లలో ఎక్కువ వాటికి వెనక ఇరుసు ఒకే బీమ్‌గా ఉంటుంది, అక్కడ తిప్పి సరిచేసేదేమీ ఉండదు. అందుకని వాటిని కొలవడమే మానేస్తారు. వెనక ఇరుసు బుష్‌లు అరిగినా, పాత ప్రమాదంలో బీమ్ వంగినా, పట్టీ స్ప్రింగులున్న బండిలో మధ్య బోల్టు తెగి ఇరుసు జరిగినా కారు కొద్దిగా ఓరగా నడుస్తుంది. దాన్ని తిన్నగా పోనివ్వడానికి డ్రైవరు స్టీరింగ్ వంచి పట్టుకోవాలి. ముందు చక్రాలను ఎన్నిసార్లు సరిచేసినా స్టీరింగ్ మధ్యకు రాదు. పాత బండికి నాలుగు చక్రాల కొలతా తీయించాలి అనడానికి కారణం ఇదే, సరిచేసే వీలు లేకపోయినా సరే.

మెషీన్ దగ్గర అడగాల్సినవి

సవరణకు ముందరి అంకెలున్న కాగితం అడిగి తీసుకోవాలి. తర్వాతి కాగితంలో అన్నీ పచ్చగానే ఉంటాయి, జబ్బు ఏమిటో చెప్పేది మొదటిదే. తెరమీద ఎంచుకున్న మోడలు తమ కారుదేనా, దగ్గరి పోలిక ఉన్న ఇంకోదా అన్నది కూడా చూసుకోవాలి. ఎప్పుడో తయారీ ఆగిపోయిన బళ్ల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. గాలి సరిచేశాకే కొలవాలి. టై రాడ్ ఎండో, స్ట్రట్టో, లోయర్ ఆర్మో మార్చించిన రోజే ఎలైన్‌మెంట్ కూడా అయిపోవాలి, తర్వాత చూద్దామనుకుంటే ఆ కొత్త భాగం పెట్టిన లాభం టైరు రూపంలో పోతుంది. ఎలైన్‌మెంట్ ఖర్చు వందల్లో, బుష్‌లది దానికి కొన్ని రెట్లు, టైర్ల జతది వేలల్లో. చవకైనదాన్ని పదేపదే చేయించి, మధ్యదాన్ని వాయిదా వేసి, చివరికి ఖరీదైనదాన్ని కొనడమే చాలా ఇళ్లలో జరుగుతున్నది.

టైర్లను ముందుకూ వెనక్కూ మార్చే రొటేషన్ మంచిదే. ఒక లోపమున్న కారులో మాత్రం అది సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. ముందు ఎడమ టైరు లోపల తింటున్న సంగతి, అది వెనక్కి వెళ్లిపోయాక ఎవరికీ గుర్తుండదు. మార్చే ముందు ఒక్కో టైరు లోపల, మధ్యలో, బయట ఎంత లోతుందో కొలిచి రాసుకుంటే, రెండోసారి వచ్చినప్పుడు ఏ మూలలో లోపముందో ఆ అంకెలే చెబుతాయి.

సరిచేశాక

భాగాలు మార్చి, కోణాలు సరిచేశాక కూడా పాత టైరు మీది పల్లాలు, రంపపు పళ్లు వెంటనే పోవు. గుర్రుమనే శబ్దం కొన్నాళ్లు అలాగే ఉంటుంది, అంతమాత్రాన పని సరిగా చేయలేదని కాదు. అరుగుదల ఆగిందో లేదో తేల్చేది లోతు కొలత. వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు నడిచాక లోపలి, బయటి అంచులు సమానంగా తగ్గుతుంటే లోపం తీరింది. ఒక పక్కే ఇంకా వేగంగా తగ్గుతుంటే ఎక్కడో ఆట మిగిలి ఉంది. ఆ పక్క భాగాలను మళ్లీ రాడ్డు పెట్టి చూడాల్సిందే.

రెండే టైర్లు కొత్తవి కొనేవాళ్లు వాటిని ముందు వేయించుకోవడం ఇక్కడి అలవాటు, అరిగేవి ముందువే కదా అని. వాన నీరు నిలిచిన గట్టు రోడ్డు మీద వెనక టైర్లు ముందుగా పట్టు తప్పితే బండి తోక తిప్పుతుంది, దాన్ని స్టీరింగ్‌తో అదుపు చేయడం కష్టం. ముందువి తప్పితే బండి కాస్త తిన్నగా జారినా, యాక్సిలరేటర్ వదిలితే పట్టు తిరిగి దొరికే అవకాశం ఎక్కువ. అందుకే ముందు చక్రాలు లాగే కారుకైనా కొత్త జతను వెనక వేయమని టైరు తయారీదారులు చెబుతారు.